డార్విన్ నీలగిరి అడవిలో నిప్పు: ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ఖమ్మం, భద్రాచలం వైపు జామాయిల్ తోటలు చూసినవాళ్లకి నీలగిరి చెట్టు అనగానే వరసలు కట్టిన సన్నటి కర్ర, పేపర్ మిల్లుకు వెళ్లే లారీలు గుర్తొస్తాయి. ఆ చెట్ల కుటుంబం పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఆ దేశం ఉత్తర కొసన డార్విన్ నుంచి కకాడు నేషనల్ పార్క్ మీదుగా ఆర్నెమ్ ల్యాండ్ దాకా పరుచుకున్న నీలగిరి అడవి మన తోటల్లా ఉండదు. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం ఎక్కువ. ఆ సందుల్లో మనిషిని దాటిన గడ్డి. ఏటా మే నుంచి అక్టోబరు దాకా వాన దాదాపు ఉండదు. అందుకే ఆ గడ్డి ఎక్కడో ఒకచోట కాలుతూనే ఉంటుంది.

ఈ అడవిలో "కాల్చాలా, వద్దా" అని వాదించుకోవడంలో అర్థం లేదు. మనం కాల్చకపోతే సెప్టెంబరులో ఎవరో పారేసిన నిప్పు కాలుస్తుంది, లేదంటే నవంబరులో పిడుగు కాలుస్తుంది. ఏ నెలలో, ఏ పూట, ఎంత మేర, మళ్లీ ఎన్నేళ్లకు అనేవి మాత్రమే మన చేతిలో ఉన్నాయి. డార్విన్ శివార్లలో కొన్ని ఎకరాలు కొనుక్కున్న మనవాళ్లకీ, అడవుల చదువు చదువుతున్న పిల్లలకీ ఈ నాలుగూ ఎలా తేల్చుకోవాలో ఇందులో రాస్తున్నాను.

మొదటి అడుగు: ముందు అడవిని చదవండి

అగ్గిపెట్టె ముట్టుకోకముందు కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఆ నేల మీద తిరగాలి. ఇక్కడ ఎండాకాలం అంటే మన వేసవి కాదు, మే నుంచి అక్టోబరు దాకా వానలు లేని కాలం. డార్విన్‌లో ఏడాదికి సుమారు 1,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దాదాపు అంతా నవంబరు, ఏప్రిల్ మధ్యే పడిపోతుంది.

పై అంతస్తులో రెండు చెట్లదే రాజ్యం. ఒకటి యూకలిప్టస్ టెట్రోడాంటా, అక్కడివాళ్లు స్ట్రింగీబార్క్ అంటారు. దీని బెరడు పీచుపీచుగా కొమ్మల దాకా ఉంటుంది. ఆర్నెమ్ ల్యాండ్ చిత్రకారులు బొమ్మలు వేసేది ఈ బెరడు పలకల మీదే. రెండోది యూకలిప్టస్ మినియాటా, అంటే వూలీబట్. మొదలు దగ్గర గరుకు బెరడు, పైకి వెళ్లేకొద్దీ తెల్లగా నున్నగా ఉంటుంది. ఎండాకాలం మొదట్లో నారింజ రంగు పూలు పూస్తుంది. ఈ పూల గురించి మళ్లీ చెప్పుకుందాం, ఎందుకంటే క్యాలెండర్ అక్కడే ఉంది.

ఈ చెట్లు మంటకు అలవాటుపడ్డవి. మొగ్గల్ని పుట్టించే కణాలు బెరడు లోతుల్లో దాగి ఉంటాయి, ఆకులన్నీ మాడినా కొన్ని వారాల్లో కాండం మీదే చిగుళ్లు వస్తాయి. నేల కింద దుంపలాంటి మొదలు, వేళ్ల నుంచి పిలకలు కూడా ఉంటాయి. అయితే "అలవాటు" అంటే ఎంతైనా తట్టుకుంటాయని కాదు. బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు దాకా ఉన్న పిల్ల చెట్లు ప్రతి మంటకూ పైభాగం చచ్చి, మళ్లీ నేల నుంచి మొదలుపెడతాయి. ఏటా కాలితే ఇరవై ఏళ్ల మొక్క కూడా మోకాలెత్తు దాటదు. పైనున్న పెద్ద చెట్లు నిక్షేపంగా కనిపిస్తాయి కాబట్టి అడవి బాగుందనుకుంటాం. వాటి తర్వాతి తరం ఎదగట్లేదన్న సంగతి వంగి చూస్తేనే తెలుస్తుంది.

ఇక గడ్డి. ఇక్కడి ముఖ్యమైన గడ్డి మన జొన్నకు దగ్గరి చుట్టం. ఒక్క ఏడాదే బతికే అడవి జొన్న ఇది. రెండు మూడు మీటర్లు పెరుగుతుంది, మార్చి, ఏప్రిల్‌కల్లా గింజ రాల్చి చచ్చిపోతుంది. దీని గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి. వెనక తాడులా మెలి తిరిగిన పొడుగాటి ముల్లు ఉంటుంది. మన చేలగట్ల మీద పంచెకు గుచ్చుకునే గడ్డి ముల్లు లాంటిదే. దాని మీద ఒక నీటి చుక్క వేస్తే ఆ మెలి మెల్లగా విడిపోతూ గింజ అరచేతిలోనే గిర్రున తిరుగుతుంది. నేల మీద పడ్డ గింజ అలాగే తనను తాను మట్టిలోకి తొలుచుకుని దిగుతుంది. అందుకే పైన ఎంత మంట వెళ్లినా అది క్షేమం. కాలిన నేలలో మరుసటేడు మళ్లీ అంతే ఒత్తుగా మొలుస్తుంది, మళ్లీ అంతే కాలుతుంది.

రెండో అడుగు: నెలలు కాదు, రుతువులు చూడండి

కకాడు నేల సొంతదారులైన బినింజ్ ప్రజలు ఏడాదిని ఆరు రుతువులుగా లెక్కపెడతారు. ఏప్రిల్‌లో వచ్చే బంగెరెంగ్‌లో చివరి గాలివానలు ఎండిన జొన్నగడ్డిని నేలకు పడగొడతాయి. తర్వాత మే నుంచి జూన్ సగం దాకా యెక్కె. ఉదయం తామరకొలనుల మీద మంచు పొర, పగలు ఆగ్నేయం నుంచి పొడిగాలి. వూలీబట్ పూస్తుంది. నిప్పు పని మొదలుపెట్టమని చెప్పే గుర్తు అదే. ఆ తర్వాత చల్లటి వుర్గెంగ్, ఆగస్టు సగం నుంచి మండే గుర్రుంగ్, పిడుగులతో వచ్చే గునుమెలెంగ్, వానల గుజ్యుగ్.

యెక్కెలో గడ్డి అంతా ఒకేసారి ఎండదు. గుట్ట మీద గులకనేల గడ్డి ముందు ఎండుతుంది, పల్లంలో వాగు పక్కది ఇంకా పచ్చగా ఉంటుంది. మంట ఎండిన చోట నడిచి, పచ్చదనం తగలగానే ఆగిపోతుంది. రాత్రి మంచుకు చాలావరకు ఆరిపోతుంది. అలా నేలంతా కాలిన ముక్క, కాలని ముక్కల బొంతలా తయారవుతుంది. సెప్టెంబరులో వచ్చే మంటను ఆపేది ఆ బొంతే. ఆగస్టు దాటాక ఎక్కడా తడి ఉండదు, చెట్లు రాల్చిన ఆకు గడ్డి మీద చేరుతుంది, గాలి వేడెక్కుతుంది. అప్పుడు మొదలైన మంట రాత్రిళ్లు కూడా ఆగదు, రోజుల తరబడి నడుస్తుంది.

ఈ తేడాను కకాడులోని కపాల్గాలో శాస్త్రవేత్తలు కొలిచారు. 1990 నుంచి 1994 దాకా ఐదేళ్లు, ఒక్కొక్కటి పదిహేను, ఇరవై చదరపు కిలోమీటర్లున్న వాగు పరీవాహకాలను వేర్వేరు కాలాల్లో కాల్చి చూశారు. ఎండాకాలం మొదట్లో మంట తీవ్రత సగటున మంట అంచులో ప్రతి మీటరుకు సుమారు 2,100 కిలోవాట్లు, చివర్లో సుమారు 7,700. చివరి మంటల్లో బాగా చిన్న చెట్లూ, బాగా పెద్ద చెట్లూ ఎక్కువ చచ్చాయి. పెద్దవి ఎందుకంటే వాటి లోపల చెదలు తొలిచిన డొల్ల ఉంటుంది. డిజిరిడూ అనే ఊదే వాయిద్యానికి కర్ర దొరికేది ఆ చెదల పుణ్యమే. మొదట్లో చిన్న కంత ఉంటే చాలు, నిప్పు లోపలికి దూరి చెట్టంతా పొగగొట్టంలా మండుతుంది. వందేళ్ల చెట్టు ఒక్క రాత్రిలో కూలిపోతుంది.

మూడో అడుగు: ఎంత మండుతుందో కొలవండి

కంటి అంచనా సరిపోదు. నాలుగు కర్రలతో మీటరు చదరం చట్రం ఒకటి చేసుకోండి. పొలంలో పది పదిహేను చోట్ల అది పడేసి, లోపలి గడ్డి, రాలిన ఆకు, సన్న పుల్లలు కోసి ఎండబెట్టి తూచండి. చదరపు మీటరుకు 400 గ్రాములు వస్తే హెక్టారుకు 4 టన్నులు అన్నమాట.

మంట తీవ్రత లెక్క సులువే. కిలో ఎండుగడ్డి కాలితే వచ్చే వేడి సుమారు 18,000 కిలోజౌళ్లు. దాన్ని చదరపు మీటరులోని కిలోలతో, మంట సెకనుకు కదిలే మీటర్లతో గుణించాలి. జూన్ సాయంత్రం 0.4 కిలోలు, సెకనుకు 0.2 మీటర్ల వేగం అనుకుంటే 1,440 కిలోవాట్లు. సెప్టెంబరులో ఆకు కూడా చేరి 0.7 కిలోలు, గాలికి 0.6 మీటర్ల వేగం అయితే 7,560. మండే సరుకు రెట్టింపు కూడా కాలేదు, తీవ్రత మాత్రం ఐదు రెట్లు దాటింది. అందుకే గాలిని తక్కువగా చూడొద్దని మళ్లీ మళ్లీ చెప్తాను.

ఇంకో సంగతి. కాలిన నేలలో సరుకు మొదటి మూడు నుంచి ఐదేళ్లలోనే దాదాపు నిండిపోతుంది. ఆ తర్వాత చెదలు, కుళ్లు కలిసి వచ్చిందాన్ని వచ్చినట్టే తినేస్తాయి, పెద్దగా పెరగదు. "పదేళ్లు కాల్చకపోతే బాంబులా పేరుకుపోతుంది" అన్న భయం ఈ అడవికి వర్తించదు. ఆ భయంతోనే చాలామంది ఏటా కాలుస్తారు, అది నన్ను బాగా బాధపెడుతుంది.

నాలుగో అడుగు: కాల్చకూడని చోట్లు ముందు గుర్తుపెట్టండి

మ్యాప్ మీద కాల్చేవాటి కంటే ముందు కాల్చకూడనివి గీయండి. కాలిట్రిస్ అనే స్థానిక సైప్రస్ పైన్ కనిపిస్తే దాని చుట్టూ నిప్పు రాకూడదు. ఒక్క గట్టి మంటకు చచ్చిపోతుంది, మళ్లీ చిగురించదు. చచ్చిన కాలిట్రిస్ మోళ్లు గుంపుగా కనిపిస్తే ఆ చోట గతంలో మంటల పద్ధతి చెడిందని అర్థం. ఇసుకరాతి పీఠభూమి మీది పొదలు చాలావరకు గింజ నుంచే తిరిగి రావాలి. మొలిచి, పెరిగి, మళ్లీ గింజ వేయడానికి వాటికి కనీసం ఐదేళ్లు కావాలి. వాగుల పక్క తీగలల్లుకున్న వాన అడవి ముక్కల్నీ వదిలేయాలి.

మీ నేల గతంలో ఎప్పుడెప్పుడు కాలిందో తెలుసుకోవడానికి నాఫీ అనే ఉపగ్రహ మంటల వెబ్‌సైట్ ఉంది. ఏ ఏడాది ఏ నెలలో ఎంత మేర కాలిందో రంగుల్లో చూపిస్తుంది. దాన్ని చూసి నేలను మూడు నాలుగు ముక్కలుగా విడగొట్టి, ఏడాదికి ఒకటి మాత్రమే కాల్చండి. ఒక ముక్కనైనా ఐదేళ్లకు పైగా ముట్టుకోకండి. చల్లటి మంట మంచిదని ఏటా అదే చోట పెడితే అది కూడా నష్టమే. పిల్ల చెట్లు మంటకు అందని ఎత్తుకు ఎదగాలంటే కొన్నేళ్ల ఊపిరి కావాలి.

ఐదో అడుగు: అనుమతి, హద్దు, ఇరుగుపొరుగు

డార్విన్ చుట్టూ ఉన్న ఫైర్ ప్రొటెక్షన్ జోన్లలో బుష్‌ఫైర్స్ ఎన్‌టీ అనే ప్రభుత్వ సంస్థ నుంచి పర్మిట్ లేకుండా నిప్పు పెట్టకూడదు. హద్దు పొడవునా కనీసం 4 మీటర్ల వెడల్పున గడ్డి తీసేసిన ఖాళీ పట్టీ, అంటే ఫైర్ లైన్ ఉండాలి. మన అటవీ శాఖ వేసవికి ముందు గీసే ఫైర్ లైన్ల లాంటివే ఇవి. పక్కవాళ్లకు ముందురోజే చెప్పండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే పొగ ఎటు వెళ్తుందో కూడా చెప్పండి. ఆదివాసీ నేల అయితే సొంతదారుల మాటే మొదటి మాట. పవిత్ర స్థలాలు, చిత్రాలున్న గుహలు ఎక్కడున్నాయో వాళ్లకే తెలుసు.

ఆరో అడుగు: నిప్పు పెట్టే రోజు

కొత్తవాళ్లు ఒంటరిగా చేయొద్దు. స్థానిక వాలంటీర్ ఫైర్ బ్రిగేడ్‌లో చేరి ఒకటి రెండు సీజన్లు వాళ్ల వెంట నడవండి. ఒంటి మీద నూలు లేదా ఉన్ని బట్టలే ఉండాలి. నైలాన్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. తోలు బూట్లు, గ్లోవ్స్, కళ్లద్దాలు, తాగే నీళ్లు, వీపున నీళ్ల పంపు, ఆకులు ఊడ్చే బ్లోయర్ దగ్గర పెట్టుకోండి.

సాయంత్రం నాలుగు తర్వాత మొదలుపెట్టడం మేలు. మధ్యాహ్నపు పొడి తగ్గి, రాత్రికి గాలిలో తేమ పెరుగుతుంది. ముందు ఒక గజం మేర చిన్న మంట పెట్టి చూడండి. గడ్డి అంటుకోవడానికి మొరాయిస్తే ఇంకో వారం ఆగాలి. చిటపటమని ఒక్క క్షణంలో తలెత్తు లేస్తే ఆలస్యం అయిపోయింది, ఆర్పేసి ఇంటికి వెళ్లిపోండి. మోకాలెత్తున మెల్లగా పాకుతూ, వెనక కొన్ని పిలకల్ని వదిలేస్తూ వెళ్తుంటే అదే కావలసింది.

గాలి వెళ్లే వైపు హద్దు దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ పెట్టిన మంట గాలికి ఎదురుగా వెనక్కి నడవాలి కాబట్టి నిదానంగా ఉంటుంది, తక్కువ ఎత్తులో ఉంటుంది. అలా హద్దు పక్కన పది ఇరవై మీటర్ల నల్లటి పట్టీ తయారయ్యాక, మండే ఇంధనాన్ని చుక్కలుగా కార్చే డ్రిప్ టార్చ్‌తో గాలి వచ్చే వైపు చుక్కలు చుక్కలుగా అంటించండి. గీత గీసినట్టు వరసగా అంటిస్తే మంటలు కలిసి గోడలా లేస్తాయి. చుట్టూరా అంటించి మధ్యలో మూసేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. లోపల బల్లులు, బ్యాండికూట్‌లు అనే చిన్న సంచి జంతువులు, గూళ్లలో పిల్లలు ఉంటాయి, వాటికి దారి వదలాలి. మీకూ ఒక దారి ఉండాలి. అన్నిటికన్నా భద్రమైన చోటు అప్పటికే కాలిన నేల.

తొర్రలున్న పెద్ద చెట్లు కనిపిస్తే ముందే మొదలు చుట్టూ రెండు మీటర్లు బ్లోయర్‌తో శుభ్రం చేయండి. చెట్టుకు రెండు నిమిషాలు పడుతుంది. ఈ ఒక్క పనికీ బద్ధకించకండి. నల్లపాదాల చెట్టెలుక, చిలకలు కాపురముండేది ఆ తొర్రల్లోనే, కొత్త తొర్ర తయారవడానికి మనిషి జీవితకాలం చాలదు.

తల ఎత్తి గద్దల్ని కూడా గమనించండి. మన ఊళ్ల మీద తిరిగే నల్ల గద్ద జాతే ఇక్కడా మంట ముందు గుంపులుగా దిగుతుంది, పారిపోయే మిడతల కోసం. ఇవి కాలుతున్న పుల్లల్ని ఎత్తుకెళ్లి వేరేచోట పడేస్తాయని ఆదివాసీలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. వాళ్ల మాటల్ని, చూసిన ఇతరుల అనుభవాల్ని కలిపి 2017లో పరిశోధకులు ప్రచురించారు కూడా. కాబట్టి హద్దు అవతల ఒక మనిషిని కాపలా పెట్టండి.

మర్నాడు తెల్లవారుజామునే వెళ్లి పొగలు వస్తున్న మోళ్లు, దుంగలు ఆర్పేయాలి. పది గంటలకు గాలి లేచేలోపు ఆ పని అయిపోవాలి. మంట తప్పించుకుపోయేది తరచూ ఆ మర్నాటి మధ్యాహ్నమే.

గాంబా గడ్డి ఉంటే ఈ లెక్కలేవీ పనిచేయవు

1930లలో పశువుల మేతకని ఆఫ్రికా నుంచి తెచ్చిన గాంబా గడ్డి నాలుగు మీటర్లు పెరుగుతుంది. స్థానిక గడ్డి హెక్టారుకు నాలుగైదు టన్నులుంటే ఇది ముప్పై దాకా వెళ్లగలదు. ఎండాకాలం మొదట్లోనే దీని మంట స్థానిక గడ్డి మంట కంటే సుమారు ఎనిమిది రెట్లు తీవ్రంగా ఉన్నట్టు కొలిచారు. అది చెట్ల తలల్ని అందుకుంటుంది. చెట్లు చచ్చేకొద్దీ ఎండ పడి గాంబా ఇంకా పెరుగుతుంది. 2008లో దీన్ని కలుపుగా ప్రకటించారు. మీ నేలలో నాలుగు గుబుర్లు కనిపించినా వానాకాలంలో, గింజ పట్టకముందే గ్లైఫోసేట్ కొట్టండి లేదా వేళ్లతో తవ్వేయండి. గాంబా మడికి మీరుగా నిప్పు పెట్టొద్దు, బ్రిగేడ్‌ను పిలవండి.

అడవి జొన్నను తగ్గించే ఉపాయం

ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. జొన్నగడ్డి గింజలు మట్టిలో ఏళ్ల తరబడి నిలవ ఉండవు, తొలి వానలకు దాదాపు అన్నీ ఒక్కసారే మొలుస్తాయి. ఎండాకాలమంతా కాల్చకుండా కాపాడిన ముక్కలో, డిసెంబరులో మొలకలు లేచాక, రెండు మూడు రోజులు వాన ఆగిన సమయం చూసి పాత ఎండుగడ్డికి నిప్పు పెడితే మొలకలన్నీ పోతాయి. వేసే గింజ లేదు కాబట్టి మరుసటేడు ఆ చోట జొన్న దాదాపు ఉండదు, ఏళ్లపాటు బతికే గడ్డి మొక్కలకు చోటు దొరుకుతుంది. చుట్టూ పచ్చగా ఉంటుంది గనక మంట బయటకు పోదు. ఒక ముక్కలో ఒకసారి చాలు. ఆ గింజల మీద ఆధారపడే పక్షులున్నాయి, అంతటా తుడిచేయకూడదు.

ఎకరాల నుంచి వేల చదరపు కిలోమీటర్లకు

ఇవే సూత్రాలు పెద్ద మేరలో ఎలా నడుస్తాయో చూడాలంటే పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్ పీఠభూమికి వెళ్లాలి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అక్కడి ఆదివాసీ కుటుంబాలు క్రైస్తవ మిషన్లకూ పట్టణాలకూ చేరిపోయాయి. నడుస్తూ చిన్న చిన్న మంటలు పెట్టే మనుషులు లేకపోయేసరికి ఎండాకాలం చివర పెద్ద మంటలు పీఠభూమిని తినేశాయి. చిత్రకారుడు, పెద్దమనిషి బర్దాయల్ నజమెరెక్ 2002లో తన కబుల్వర్నమ్యోలో మళ్లీ నివాసం పెట్టించి, నిప్పు పద్ధతిని కొత్త తరానికి నేర్పించారు. 2006 నుంచి సుమారు 28,000 చదరపు కిలోమీటర్లలో రేంజర్లు ఎండాకాలం మొదట్లోనే కాల్చే పథకం నడుస్తోంది. మనిషి నడిచి చేరలేని దూరపు చోట్ల హెలికాప్టర్ నుంచి పొటాషియం పర్మాంగనేట్ గుళికల్లోకి గ్లైకాల్ ఎక్కించి వదులుతారు, నేల మీద పడ్డాక అంటుకుంటాయి.

దీనికి డబ్బు కర్బన క్రెడిట్ల నుంచి, అంటే తగ్గించిన వాయు ఉద్గారాలను లెక్కగట్టి అమ్మడం నుంచి వస్తుంది. లెక్కలోకి తీసుకునేది మీథేన్, నైట్రస్ ఆక్సైడ్. బొగ్గుపులుసు వాయువును మరుసటేడు గడ్డి తిరిగి పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని లెక్కపెట్టరు. ఆగస్టు 1కి ముందు కాలినదాన్ని తొలి మంటగా, తర్వాతిదాన్ని మలి మంటగా చూస్తారు. తొలి మంట దాటిన ప్రాంతంలో నిజంగా కాలేది సుమారు 70 శాతం, మలి మంటలో దాదాపు 90. మొదటి ఏడేళ్లలో ఆ ప్రాంతపు ఉద్గారాలు దాదాపు 38 శాతం తగ్గాయి. అయితే క్రెడిట్ లెక్క మీదే కళ్లుంటే హెలికాప్టర్‌తో ఏటా అవే చోట్లు కాల్చే ప్రమాదం ఉంది. కాలినడకన తిరిగే రేంజర్లు ఉన్నచోటే మంటల బొంత సన్నగా, చిన్న ముక్కలుగా కుదురుతుంది.

ఏడో అడుగు: కాల్చాక ఏం చూడాలి

కకాడులో క్వాల్ (మాంసం తినే చిన్న సంచి జంతువు) లాంటి చిన్న జంతువులు కొన్ని దశాబ్దాలుగా తగ్గిపోతూ వస్తున్నాయి. మంటలే కాదు, విషపు కేన్ టోడ్ కప్పలు, అడవిపట్టిన పిల్లులు కూడా కారణం. ఈ పిల్లులు గట్టిగా కాలిన చోట్లు వెతుక్కుంటూ దూరం నుంచి వస్తాయి, ఎందుకంటే అక్కడ ఎలుకకు దాక్కోవడానికి గడ్డి లేదు. కాబట్టి కాల్చిన వారంలో కాలిన ముక్కల వెడల్పు అడుగులతో కొలవండి. మధ్యలో గడ్డి దాపు లేకుండా చాలా దూరం నడవగలిగితే, మరుసటేడు ఇంకా త్వరగా, ఇంకా తడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి.

ఐదారు చోట్ల ఇనుప రాడ్ పాతి, ఏటా ఒకే కోణంలో ఫోటో తీయండి. ప్రతి రాడ్ చుట్టూ పది అడుగుల మేర స్ట్రింగీబార్క్, వూలీబట్ పిలకలు ఎన్ని ఉన్నాయో, వాటిలో మీ తల దాటినవి ఎన్నో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయండి. నాలుగేళ్లకు ఆ రెండో అంకె ఒకటి కూడా పెరగకపోతే, ఆ ముక్కకు వచ్చే యెక్కెలో నిప్పు తీసుకెళ్లకండి.